ఎర్ర ముక్కోణం బండిలో ముగ్గురు

వ్యాన్ తుమ్మింది.

ముందు సీట్లో కూర్చున్న బాలస్వామి సారు చెవులు రిక్కించాడు. పాలమూరు దాటి కోస్గి దారి పట్టిన దగ్గర్నుంచీ వ్యాన్ దగ్గుతూనే ఉంది. అది మామూలే, సర్కారు బండి కదా. తుమ్మడం మాత్రం ఇదే మొదలు.

"గండయ్యా, బండాపు."

"ఇంజనుకు పడిశం పట్టినట్టున్నది సార్," అన్నాడు డ్రైవర్ గండయ్య. అతని గుండె అప్పటికే గండి పడ్డ చెరువైపోయింది.

సారు దిగి వెనక తలుపు తీశాడు. సినిమా మిషనుకూ పోస్టర్ల కట్టలకూ నడుమ ముగ్గురు పిల్లలు! పెద్దది ఆండాళు, ఏడేళ్లది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తుమ్మిన నడిమోడు చొక్కాతో ముక్కు తుడుచుకుంటున్నాడు. చిన్నోడైతే 'చిన్న కుటుంబం' పోస్టర్‌ను పూర్తిగా తడిపేసి హాయిగా నిద్రపోతున్నాడు.

"ఎవరు వీళ్లు?"

"నా మనుమలు సార్. కొడుకు పిల్లలు."

అది కుటుంబ నియంత్రణ ప్రచార వ్యాన్. రెండు పక్కలా ఎర్ర ముక్కోణం, ఇద్దరు పిల్లలున్న కుటుంబం బొమ్మ, దాని కింద 'ఇద్దరు లేక ముగ్గురు చాలు' అని బారెడు అక్షరాలు. అందులో సొంత మనుషులను ఎక్కిస్తే ఉద్యోగం ఊడుతుంది. గండయ్య మగ్గం వదిలి స్టీరింగ్ పట్టినవాడు. స్టీరింగ్ వదిలితే పట్టుకోవడానికి మళ్లీ మగ్గం కూడా లేదు.

"ఎందుకు తెచ్చినవ్?"

"ఇంట్ల కాన్పున్నది సార్. ఉన్నోళ్లంత కాన్పు కాడనే, పిల్లల్ని చూసేటోళ్లు లేరు."

"మీ ఆడామె చూడదా?"

"ఆమెకు గిప్పుడు చాతకాదు సార్."

"ముగ్గురుండంగ నాలుగోదా!" సారు నెత్తి పట్టుకున్నాడు. "ఊరందరిని బ్రేకులెయ్యమని చెప్పే బండి మనది. నీ ఇంట్లనేమో బ్రేకే లేకపాయె! నీ కొడుక్కన్న చెప్పుకోవద్దా?"

గండయ్య తల దించుకున్నాడు. "వాని తప్పేం లేదు సార్. తప్పంతా నాదే."

"పెద్దమనిషివని కొడుకును ఎన్కేసుకొస్తున్నవా? ఆఫీసుకు పోంగనే రిపోర్టు రాస్త, చూడు."

వెనక్కి తిప్పితే కోస్గిలో సభ తప్పుతుంది. అందుకని నియంత్రణ వ్యాన్ నియంత్రణ లేని ఆ మందతోనే ముందుకు కదిలింది.

కోస్గి బయట మామిడితోపులో మకాం. సినిమా తెరను వ్యానుకూ చెట్టు కొమ్మకూ కడితే డేరా అయింది. మూడు రాళ్లు పెడితే పొయ్యి అయింది. పిల్లలు వ్యాన్ కిందా మీదా పాకుతూ లోకాన్ని మరిచిపోయారు.

"తాతా, గీ ఇల్లుకు చక్రాలున్నయి! ఎప్పటికి గీ ఇంట్లనే ఉందామా?" అన్నాడు నడిమోడు.

"మనల్నెవరు ఉండనిస్తరు బిడ్డా," అంటూ గండయ్య సారు వైపు దొంగచూపు చూశాడు.

జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ముందు సారుకే పెట్టాడు. తర్వాత పిల్లలకు పెట్టాడు. తాను మాత్రం ముట్టలేదు.

"నువ్వు తినవేందయ్యా?"

"ఆడ నొప్పులు పడేటామె పడవట్టె. నేనీడ రొట్టెలు మెక్కుడేంది సార్? ముద్ద దిగుతలేదు."

సారు మెత్తబడ్డాడు. "కోడలంటే గంత పావురమా! ప్రేమంటే నీదే."

"సారూ, మా అవ్వ..." అని ఆండాళు ఏదో మొదలుపెట్టింది. గండయ్య గబుక్కున ఆ పిల్ల నోట్లో రొట్టెముక్క కుక్కాడు.

పొద్దు వాలాక సభ. సారు మైకు పట్టుకోగానే భీమయ్య అనే ఆసామి లేచాడు. "సారూ, బండి మీద బొమ్మల ఇద్దరే ఉన్నరు. బండి కిటికీల ముగ్గురున్నరు. మీ లెక్క మీకే కుదర్తలేదా?"

జనం గొల్లుమన్నారు. సారు తడబడలేదు. "ముగ్గురు దాంక చాలన్నం గదనే! సరిగ్గ హద్దు మీద కూసున్నరు, మెచ్చుకోవాలె," అన్నాడు. జనం ఇంకా నవ్వారు. "మొగోళ్లు సిగ్గు పడొద్దు. ఆపరేషన్‌కు ముందుకు రావాలె..." అని సారు గొంతు పెంచేసరికి గండయ్య బానెట్ ఎత్తి తలకాయ లోపల పెట్టాడు. ఇంజనుకు ఏ రోగమూ లేదు.

సభ అయ్యాక సారు అతన్ని పక్కకు పిలిచాడు.

"సూడు గండయ్యా, నీ పొట్ట కొట్టుడు నాకిష్టం లేదు. గీ కాన్పుకు కారణమైనోణ్ని ఆపరేషన్‌కు ఒప్పిస్తవా? రిపోర్టు రాయను."

గండయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఒప్పుకుంటడు సార్. సిగ్గుతోని సచ్చిపోతున్నడు వాడు."

"మాటనా?"

"మాటే సార్."

తెల్లవారి మొదటి బస్సుకే గండయ్య కొడుకు పరమేశ్వర్ దిగాడు. పిల్లలు "నాయినా!" అంటూ కాళ్లకు చుట్టుకున్నారు.

"బాపూ, కాన్పయింది. మగపిల్లగాడు. ఇద్దరు మంచిగున్నరు."

గండయ్య ఉన్నచోటనే కూలబడి, తువ్వాలలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు ఆగినా తల పైకెత్తలేదు.

బాలస్వామి సారు పరమేశ్వర్ భుజం మీద చెయ్యి వేశాడు. "సంతోషం బిడ్డా. పుట్టినోడు సల్లగుండాలె. గిక ముచ్చటేందంటే, మీ బాపు నాకు మాటిచ్చిండు. నడు, దవాఖానల మొదటి పేరు నీదే రాయిస్త."

పరమేశ్వర్ తండ్రి కోసం చూశాడు. తండ్రి లేడు. వ్యాన్ కింద రెండు పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

"నా పేరెందుకు సార్?" అన్నాడు పరమేశ్వర్ అయోమయంగా.

"పుట్టింది నా తమ్ముడు."