శనివారం బావది

తలుపు తీయగానే కంపు గుప్పుమంది. పళ్ళ డాక్టరు ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాడు.

"చూశావా అక్కా? చూశావా నీ మొగుడి నిర్వాకం?"

అక్క షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, నీ కళ్ళతో నువ్వు చూడాల్సిందేనని అరిచి మరీ రప్పించాడు తమ్ముడు.

లోపలున్నది రెండు సీట్ల చిన్న విమానం. బావా బావమరుదులు ఏడేళ్ళ కిందట కలిసి కొన్నారు. శనివారం బావది, ఆదివారం డాక్టరుది. దిగినవాడు తుడిచి, ట్యాంకు నింపి, తాళం వేసి వెళ్ళాలి. అంతే ఒప్పందం. ఉమ్మడి బేరం, ఉమ్మడి సేద్యం ఇద్దరికీ చేటని పెద్దలు ఊరికే అన్నారా!

మొదట్లో విమానం అద్దంలా ఉండేది. సరంజామా అంతా ఏరికోరి కొన్నదీ బావే. విమానం ఒళ్ళంతా కప్పే ముసుగు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు, షెడ్డులోంచి బయటికి లాగే కడ్డీ, పెట్రోల్లో నీళ్ళు చేరాయేమో పట్టి చూసుకునే గాజు గొట్టం. ప్రతిదానికీ గోడ మీద ఒక మేకు కొట్టి, కింద పేరు కూడా రాశాడు. అలాంటి మనిషికి ఏం పుట్టిందో, ఈ మధ్య పూర్తిగా గాలికొదిలేశాడు. ముసుగు ఒక మూల ఉండచుట్టుకుని పడుంది. కడ్డీ కాళ్ళకు అడ్డం తగులుతోంది. మేకులన్నీ బోసిగా ఉన్నాయి.

"అక్కడే నిలబడితే ఎలా? దగ్గరికొచ్చి చూడు."

సీటు నిండా బిస్కెట్ పొడి. పొడి కోసం చీమలు. పెడళ్ళ మీదుగా, మీటల పక్కగా బారు కట్టి హాయిగా పోతున్నాయి. ముందు అద్దం మీద పురుగులు చచ్చి, ఎండి, అట్టకట్టాయి. డాక్టరు హెడ్‌ఫోన్‌ను రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకున్నాడు. చెవి మెత్తల మీద చెమట జిడ్డు, దాని మీద నల్లటి మరకలు.

"ఇది చెవులకి పెట్టుకోవాలి నేను! థూ!"

పక్కన పడేసి, చెదిరిన నల్లటి క్రాపు సవరించుకున్నాడు.

అసలు దరిద్రం సీటు కింద ఉంది. ఆకాశంలో బాత్రూములుండవు కాబట్టి, మూత గట్టిగా పట్టే సీసా ఒకటి దగ్గర పెట్టుకోవడం చిన్న విమానాల వాళ్ళకి మామూలే. దిగగానే పారబోసి కడుక్కోవాలన్నది మాత్రం ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. సీసా నిండుగా ఉంది. మూత సరిగా పట్టలేదు.

"రోజూ పదిమంది నోళ్ళలో చెయ్యి పెడతాను. ఏనాడూ రాని రోత ఈ సీట్లో కూర్చుంటే వస్తోందక్కా! ప్రతి ఆదివారం ఇదే భాగోతం. పదకొండింటికి క్లినిక్ తియ్యాలని దిగీ దిగగానే పరిగెత్తే మనిషిని నేను. ఈ పెంటంతా నేనే ఎత్తిపొయ్యాలా?"

అక్క మీటర్ల కింద అంటించిన చీటీల వైపు చూస్తోంది.

"అవి నేను రాసినవే. ఒకటి కాదు, తొమ్మిది. 'బావా, సీసా కడుగు.' 'బావా, ట్యాంకు నింపు.' 'బావా, నువ్వు మనిషివేనా?' ఒక్కదానికి ఉలుకూ లేదు, పలుకూ లేదు. చించి పారేసే ఓపిక కూడా లేదు మహానుభావుడికి. అన్నిటికంటే ఇది చూడు."

ప్రయాణాలు రాసుకునే పుస్తకం తీసి ఆమె మొహం ముందు పెట్టాడు.

"నా ఆదివారాలన్నీ ఉన్నాయి. ఆయనది చూడు, ఆర్నెల్లుగా ఒక్క గీత లేదు. ఎగరడానికున్న సరదా రాయడానికి లేదు! ట్యాంకు చూస్తే అడుగంటిపోయింది. ఒకరోజు పైన ఇంజన్ ఆగి నేను పడి చస్తే, అప్పుడొస్తాడేమో పరామర్శకి."

"అవేం మాటల్రా!"

"నా మంటకి అవే మాటలొస్తాయి."

"నువ్వు ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది?" అంది అక్క మెల్లిగా.

"ఆ మనిషి మొహం చూడబుద్ధి కాకే రావట్లేదు." డాక్టరు జేబులోంచి మడిచిన కాయితం తీశాడు. "ఇదిగో. ఆయన సగం వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకు రా. ఇవాళ తేలిపోవాలి. ఆయన పెట్టనంటే నీ గడప తొక్కను. నీకు తమ్ముడే లేడనుకో."

అక్క కాయితం అందుకుంది. చదవలేదు. చీటీలు ఒక్కొక్కటే ఊడదీసింది. తొమ్మిదీ సరిచూసుకుని, మడిచి, హ్యాండుబ్యాగులో అడుక్కి తోసి జిప్పు లాగింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి డాక్టరు కాస్త తగ్గాడు.

"నిన్ను ఏడిపించాలని కాదక్కా. ఆ శుచీ శుభ్రం లేని మనిషితో నువ్వెలా కాపురం చేస్తున్నావో గానీ..."

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నార్రా. తను మానేశారని తెలిస్తే, నువ్వు కూడా సరదా చంపుకుంటావని ఆయన బాధ."

"ఏంటి మానేసింది?"

అక్క కాయితం తిరిగి తమ్ముడి చేతిలో పెట్టింది.

"గుండె బాగాలేదని మీ బావ లైసెన్సు ఆపేసి ఇవాళ్టికి ఆర్నెల్లు దాటిందిరా, అప్పట్నుంచి ఈ విమానం ఎక్కుతున్నదీ దిగుతున్నదీ నువ్వొక్కడివే."