గేరు కింద మడ్డి

"ముందు ఇది చెప్పండమ్మా, ఈ కారులో కాఫీ తాగేదెవరు?" గేరు లివరు కింద బంకలా పేరుకున్న మడ్డిని స్క్రూడ్రైవరుతో గీకి చూపిస్తూ గద్దించాడు ప్రోద్రోమోస్.

ఎవాంథియా ఆటోమేటిక్ కారు రెండు రోజులుగా పార్కింగ్ గేరులోంచి కదలనంటోంది. గ్రీసులోని ఆ కవాలా ఊరు మొత్తంలో తనంతటి మెకానిక్ లేడని చెప్పుకునే అతను బ్యాటరీ మార్చాడు, ఫ్యూజులన్నీ పీకాడు, గేరుబాక్సే పోయిందని తేల్చేశాడు. ఎందుకైనా మంచిదని ఇప్పుడే లివరు చుట్టూ ఉన్న మూత ఊడదీశాడు.

"చక్కెర కాఫీ ఒలికి, గేరును వదిలే స్విచ్చి అతుక్కుపోయింది. ఇంత నిర్లక్ష్యమా?"

"నాకు కాఫీ పడదు నాయనా," అంది ఎవాంథియా, మనవడి బాప్తిస్మానికి వేళవుతోందని గడియారం చూసుకుంటూ. "పోయిన నెల బ్రేకులు చూస్తానని బండి తీసుకెళ్లావుగా, సీటు తడిసి వచ్చింది. నేనే కడుక్కున్నాను. చెబితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను."

ప్రోద్రోమోస్ తన చేతికేసి చూసుకున్నాడు. పొద్దున కలుపుకున్న కోల్డ్ కాఫీ గ్లాసు, ఆ ఊళ్లో అందరికీ ఉన్నట్టే, మధ్యాహ్నమైనా అతని ఎడమచేతిలోనే ఉంది.

"అది ఇలా ఇవ్వు," అందామె చెయ్యి చాపి. "రెండు చేతులా పని చెయ్యి."