పదకొండో నంబరు కాలేజీ

"ఒకటో నంబరు కాలేజీకి ఇస్తే పోలా, ఇన్ని ఆలోచనలెందుకు అంటది మా ఇంటిది. మీరేమంటారమ్మా?"

బాపయ్య చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసి దీప్తి ముందు బల్ల మీద పరిచాడు. రాష్ట్రంలోని ఫిజియోథెరపీ కాలేజీల ర్యాంకుల జాబితా అది. నెట్ సెంటరులో ప్రింటు తీయించినట్టున్నాడు. మూడు పేర్ల కింద ఎర్ర సిరాతో గీతలున్నాయి. ఒకటో నంబరు, నాలుగో నంబరు, పదకొండో నంబరు.

దీప్తి చిలకలూరిపేటలో ఫిజియోథెరపిస్టు. స్పిన్నింగు మిల్లుల్లో నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరగదీసుకున్నవాళ్ళూ, మిరపకాయ కోతల్లో వంగీ వంగీ నడుం పట్టేసినవాళ్ళూ ఆమె దగ్గరికే వస్తారు. రెండేళ్ళ కిందట యడ్లపాడు నుంచి బాపయ్య కూడా భుజం పైకి లేవక అలాగే వచ్చాడు. వెంట కూతురు భానుశ్రీ. ఇంటర్ చదివే ఆ పిల్ల, దీప్తి చేయించిన ప్రతి వ్యాయామాన్నీ నోటుబుక్కులో బొమ్మ గీసుకుని, ఇంటి దగ్గర తండ్రిని కూర్చోబెట్టి తనే చేయించింది. మూడు నెలలు తిరిగేసరికి ఆ చేత్తోనే బస్తా ఎత్తించింది కూడా. చివరి రోజున పోతూ పోతూ, "మేడమ్, నేనూ ఇదే చదువుతా," అంది. అలాంటి శిష్యురాలు ఎవరికి చేదు?

"భానుశ్రీకేనా బాబాయ్? ఇంటరైపోయి చాలా రోజులైందనుకుంటానే?"

"దానికే. మధ్యలో ఒంట్లో బాగోక ఏడాది పోయింది. ఇప్పుడు పట్టుబట్టి కూర్చుంది. ఫిజియో పిల్లలుండే కాలేజీ తప్ప ఇంకో చోటు వద్దంటది."

"తననీ తీసుకురావాల్సింది."

"రాలేదమ్మా." బాపయ్య కాయితం మీంచి చూపు తిప్పలేదు. "నువ్వే చూసిరా నాన్నా, నువ్వెక్కడంటే అక్కడే అంది."

దీప్తికి ముచ్చటేసింది. పక్కింటి పిల్ల ఏ కాలేజీలో చేరితే తనకూ అదే కావాలని గోల చేసే రోజులివి. నాన్న మాటే నా మాట అనే పిల్లలు ఎంతమంది ఉంటారు?

"ర్యాంకుల్ని మరీ అంత నమ్మకండి," అంది.

"నేనూ అదే అన్నా. మిర్చి యార్డులో బస్తా మూతి దగ్గర కాయ ఎప్పుడూ నిగనిగలాడతానే ఉంటది. మోచేతి దాకా చెయ్యి దూర్చి మచ్చు తీస్తే గానీ అసలు సంగతి బయటపడదు. అందుకే మూడిటికీ పోయొచ్చా."

"మూడిటికీనా!"

"బస్సుల్లోనే. నాలుగు రోజులు పట్టింది."

దీప్తి వాళ్ళ నాన్న పేపర్లో ర్యాంకు చూసి, సూట్‌కేసు చేతికిచ్చి బస్సెక్కించి చేతులు దులుపుకున్నాడు. పొలం వదిలి నాలుగు రోజులు తిరిగిన ఈ మనిషిని చూస్తే ఆమెకు కాస్త అసూయ కూడా కలిగింది.

"ఏం చూశారు మరి?"

"ఒకటోది అద్దాల మేడ. మా అమ్మాయి పేరు చెప్పబోతే, పేరుతో పనిలేదు, మాకు నంబరుంటే చాలన్నాడు అక్కడాయన."

"పెద్ద కాలేజీలన్నీ అంతే."

"నాలుగోదాంట్లో సారు మంచోడే. కానీ ఫిజియో పిల్లల్ని వెనకాల నిలబెడతారంట."

దీప్తి కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇది ఆమె సొంత కడుపుమంట. "మా కాలేజీకీ మంచి ర్యాంకే బాబాయ్. అనాటమీ క్లాసులో అరవై మందికి ఒకటే శరీరం. ముందు డాక్టరు చదివేవాళ్ళు, వెనక మేము మునివేళ్ళ మీద నిలబడి తొంగి చూడటం. ఒక్క కండరాన్ని కూడా తాకకుండానే ఏడాది గడిచిపోయింది. చేతికి తెలియని చదువుకి ర్యాంకు ఎంతైతే ఏం?"

బాపయ్య ఒక్కసారిగా తలెత్తాడు. "అదేనమ్మా! పదకొండో నంబరు కాలేజీలో నేను అడిగింది అదే. గోడలకి సున్నం కూడా సరిగ్గా లేదు గానీ, ఫిజియో పిల్లలకి విడిగా బల్ల ఉంది. ఎనిమిది మందికి ఒకటి. మొదటి రోజు చెప్పులు బయట విడిచి, పూలు పెట్టి, దణ్ణం పెట్టుకుంటే గానీ చెయ్యి వెయ్యరంట. అక్కడి మేడమ్ మా అమ్మాయి పేరడిగి మరీ రాసుకుంది."

చెప్తూ చెప్తూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆడపిల్లను ఇల్లు దాటించే తండ్రి గుండె అంతేలే అనుకుంది దీప్తి.

"ఇంకేం, పదకొండోదే ఖాయం చేయండి. క్లాసులకి ఇంకా మూడు నెలలుంది. తీరిగ్గా అన్నీ సర్దుకోవచ్చు."

"అందాకా ఆగదమ్మా."

"పిల్లకి అంత తొందరేంటి?" నవ్వింది దీప్తి.

బాపయ్య నవ్వలేదు. "పంపనంటే పంపనని వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేనూ ముందు ఒప్పుకోలా. అది నా చెయ్యి పట్టుకుని, 'నీ భుజం బాగైనట్టు ఇంకో పదిమందికి బాగవ్వాలి గదా నాన్నా' అంది. ఏం చెప్పమంటారు దానికి?"

"గొప్ప కూతుర్ని కన్నారు బాబాయ్," అంది దీప్తి.

"మీ నోటితో మంచి కాలేజీ అనిపించుకుని రమ్మంది." బాపయ్య సంచిలోంచి ఒక ఫారం తీసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. "అది సంతకం పెట్టేసింది. సాక్షి సంతకం మాత్రం మేడమ్‌గారే పెట్టాలంది."

చదువుకునే కాలేజీ ఫారానికి సాక్షెందుకో దీప్తికి అర్థం కాలేదు. పెన్ను మూత తీసి, అడుగున ఉన్న భానుశ్రీ సంతకం చూసింది. అక్షరాలు వణికిపోయి ఉన్నాయి. ఆమె చూపు కాయితం పైకి వెళ్ళింది.

అది మరణానంతర శరీరదాన పత్రం.