శాంతయ్య మేష్టారి కారు

"పాడు శకునం!"

గడప దాటిన తిరుపతిరావు కాలు వెనక్కి తీసుకున్నాడు.

కారు కొనడానికి పోయేవాడికి ఇంజను కన్నా శకునమే ముఖ్యం మరి. అందుకే నిండుచూలాలైన భార్య భారతీదేవి చేత నీళ్ళబిందె పట్టించి, వీధిలోంచి ఎదురు రప్పించాడు. తల్లి బసవమ్మ విధవరాలు. కొడుక్కి ఎదురు పడకూడదని తనంతట తనే వంటింటి తలుపు చాటుకి వెళ్ళి నిలబడింది.

ఇంత పకడ్బందీగా బయల్దేరితే, భారతీదేవి వెనకాలే ఎవరో పెద్దావిడ వచ్చింది. తెల్లచీర, బోసి నుదురు, చేతిలో నల్ల సంచీ.

"తిరుపతిరావుగారిల్లు ఇదేనా బాబూ?"

"ఇదే గానీ, ముందు పక్కకి తప్పుకో. శుభమా అని పనిమీద పోతుంటే నువ్వెక్కడ దాపురించావమ్మా?"

ఆవిడ తప్పుకోలేదు. భారతీదేవి పాదాల వంకే చూస్తోంది.

"ఆ అమ్మాయి కాళ్ళు అంతలా వాచుంటే బిందె మోయిస్తున్నారేంటి? తలనొప్పిగా ఉంటోందా తల్లీ? కళ్ళు మసకేస్తున్నాయా?"

భారతీదేవి నోరు తెరవబోయింది.

"నువ్వు లోపలికి నడు!" తిరుపతిరావు కసిరాడు. "మా ఇంటి ఆడవాళ్ళ సంగతి నీకెందుకమ్మా? దిష్టి పెట్టకుండా వెళ్ళు."

"ఒక్కమాట విను బాబూ..."

వీధి తలుపు ధడాలున మూసుకుంది.

పద్ధతి ప్రకారం కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు. అప్పటికి ఆవిడ వీధిలో లేదు. ఎక్కాల్సిన బస్సూ లేదు.

జగ్గయ్యపేట బస్టాండులో రెండో బస్సు కోసం కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

అతని ఆత్రానికి కారణం ఉంది. కిందటేడు నొప్పులు పడుతున్న భారతీదేవిని ఎడ్లబండిలో నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, దారిలోనే తొలి బిడ్డ పోయింది. ఈసారి బండి మాట ఎత్తకూడదనుకున్నాడు. మిల్లు లారీ డ్రైవరు దగ్గర పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్నాడు. నందిగామలో శాంతయ్య మేష్టారి పాత కారు అమ్మకానికి ఉందని తెలిసి, బస్సు కండక్టరుకి ఈ కథంతా చెప్పి, అతని చేత కబురు పెట్టాడు.

నందిగామలో మేష్టారు కారు తుడుస్తూ కనిపించాడు.

"లోపాలేమన్నా ఉన్నాయా మేష్టారూ?"

"ఉన్నాయండి, అబద్ధమెందుకు? పొద్దున్నే హ్యాండిలు వేసి తిప్పాలి. ఎడంపక్క తలుపు లోపల్నించి రాదు. ఎత్తెక్కితే వేడెక్కుద్ది, ఆపి నీళ్ళు పొయ్యాలి."

తిరుపతిరావు కూర్చుని చూశాడు. డ్రైవరు సీటు ముందుకి బిగుసుకుపోయి, మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి.

"దీన్ని తోలినవాడెవడో మరీ పొట్టివాడల్లే ఉన్నాడే!"

శాంతయ్య ముసిముసిగా నవ్వాడు.

కంచికచర్ల రోడ్డు మీద కొంతదూరం పోయి వచ్చారు. కారు ఒకసారి దగ్గింది, ఒకసారి ఆగింది, మిగతా అంతా బాగానే నడిచింది. ఇంటి ముందుకు తెచ్చి ఆపాక తిరుపతిరావు దిగి కారు చుట్టూ తిరిగాడు. టైరుని కాలితో తన్నాడు. కొందామంటే దారిలో ఆగుతుందని భయం. వద్దనుకుంటే మళ్ళీ ఆ ఎడ్లబండి కళ్ళముందు మెదులుతోంది.

"ఒక్కమాట చెప్పండి మేష్టారూ. నొప్పులొచ్చిన మనిషిని పేట నుంచి ఇక్కడికి ఆగకుండా తేగలదా ఇది?"

"నాకెట్టా తెలుసుద్దండీ? కడిగి తుడవటం వరకే నా పని. తోలేది మా ఆవిడ."

"ఆడమనిషా?"

"మిషనాసుపత్రిలో నర్సుగా చేసింది. అక్కడి డాక్టరు దొరసానమ్మ వాళ్ళ దేశం వెళ్తా వెళ్తా ఈ కారు ఆవిడ చేతిలో పెట్టి పోయింది. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో కానుపు కష్టమైనా ఈ కారే పోయేది. ఇప్పుడు పెట్రోలు పోసే తాహతు లేక అమ్ముకుంటున్నాం."

తిరుపతిరావుకి ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఆవిణ్ణే పిలవండి. ఆవిడ సరేనంటే ఇప్పుడే కొంటా."

"ఇంట్లో లేదండి. మీ కబురు వినగానే, 'బిడ్డ పోయింది బండి వల్ల కాకపోవచ్చు, ముందు ఆ పిల్లని చూడాలి, కారు సంగతి తర్వాత' అంది. కానుపయ్యేదాకా అక్కడే ఉంటానని బట్టలు కూడా సర్దుకుని, తెల్లారగట్ల బస్సుకే మీ ఇంటికి బయల్దేరింది. మీకు కనబడలేదా?"



"తెల్లచీర... కట్టుకునుందా?"

"అవునండి. ఉద్యోగం మానినా నర్సు చీర మానలేదు."

"మరి... బొట్టు?"

"మేము క్రైస్తవులం కదండీ, బొట్టెట్టా పెట్టుకుంటాం?"

రెండు రోజులుగా తలనొప్పి, తలనొప్పి అంటున్న భారతీదేవి గొంతు తిరుపతిరావు చెవుల్లో గింగురుమంది. హ్యాండిలు అందుకుని పిచ్చిపట్టినవాడిలా తిప్పసాగాడు. కారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. కదల్లేదు.

శాంతయ్య నవ్వుతూ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎందుకండీ బాబుగారూ అంత కంగారు? మా ఆరోగ్యమ్మ మీ గడపలో కాలు పెట్టాక, మీకింక ఈ కారుతో పనేముందండీ?"