ఆయన మీకేమవుతారు?

“ఆయన మీకేమవుతారు?”

కొత్త ఆఫీసరమ్మ ఆ ప్రశ్న అడగడం ఇది మూడోసారి.

“ఏమీ కారు,” అంది పెద్దావిడ. అదీ మూడోసారే.

సంక్షేమ కార్యాలయంలో ఆ బల్ల ముందు ఆఫీసరమ్మ కూర్చుని నిండా నలభై రోజులు కాలేదు. సోషల్ వర్క్ చదువు పూర్తిచేసి నేరుగా ఉద్యోగంలో చేరింది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టాలి, మంచినీళ్ళివ్వాలి, ఓపిగ్గా వినాలి అని నేర్చుకుంది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. ఓపిక మాత్రం ఈ పెద్దావిడ దగ్గర అడుగంటిపోయింది.

దరఖాస్తు చిన్నదే. మంచం పట్టిన ఓ ముసలాయన దగ్గరికి వారానికి రెండుసార్లు నర్సు రావాలి. వీపు పుండ్లు పడకుండా గాలి పరుపు కావాలి. గళ్ళన్నీ గుండ్రటి అక్షరాలతో నింపేసి, ‘బంధుత్వం’ అన్నచోట మాత్రం అడ్డంగా ఓ గీత గీసింది పెద్దావిడ.

“చుట్టాలెవరూ లేకపోతే ఆయన్ని ఆశ్రమానికి తరలించాల్సిందేనమ్మా. రూలు.”

“పదకొండో రూలు, రెండో భాగం. తెలుసు. అది తప్పుడు రూలని కూడా తెలుసు.”

పక్క బల్ల గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఆఫీసరమ్మ మొహం కందగడ్డయింది. అయినా గొంతు తగ్గించి చెప్పింది.

“పోనీ చెల్లెలినని రాసెయ్యండి. నేను చూడనట్టు ఊరుకుంటాను.”

“అబద్ధం రాస్తే ఈయన ఒక్కడికే పనవుతుంది. రేపు ఇంకొకరొస్తారు, వాళ్ళనీ ఈ గడి మింగేస్తుంది. నేను రాయను. దీన్ని ఎత్తెయ్యమని మీరే పైకి రాయండి.”

“నేనా? చేరి రెండు నెలలన్నా కాలేదు!”

“మరెప్పుడు రాస్తారు? రిటైరయ్యాకా?”

వరసలో నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. సంచీ భుజాన వేసుకుని లేచింది.

“ఆశ్రమానికి వెళ్తావా అని ఆయన్నోసారి అడిగారా?” అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

బదిలీ మీద వచ్చి ఏడాదే అయినా, గుమాస్తాకి అన్నీ తనకే తెలుసునన్న ధీమా.

“రూల్సన్నీ నోటికొచ్చంటే బ్రోకరే మేడమ్. ఏమీ కానివాడికి ఉత్తపుణ్యానికి ఎవరు చాకిరీ చేస్తారు? ముసలాయన గది మీద కన్నేసింది.”

ఆ మాట ఆఫీసరమ్మ బుర్రలో నాటుకుంది. ‘దరఖాస్తుదారు సహకరించడం లేదు. ఉద్దేశాలు అనుమానాస్పదం’ అని రాసి, తరలింపు కాగితం మీద సంతకం పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఆశ్రమం బండిలో తనూ బయల్దేరింది.

ఇరుకు సందు. అందులో చివరి గది. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది పెద్దావిడ.

“లేవండమ్మా, మంచం బయటికి రావాలి,” అన్నాడు డ్రైవరు.

“లేవను. ఆయన్ని అడగడానికైతే ఒక్కరు వెళ్ళండి. మోసుకెళ్ళడానికైతే ముందు నన్ను మోయండి.”

ఆఫీసరమ్మ ఒక్కతే కుర్చీ పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్ళింది.

ముక్కు మూసుకోవాల్సి వస్తుందనుకుంది. రాలేదు. ఉతికిన దుప్పటి. మడమల కింద మెత్తటి గుడ్డ చుట్టలు. నున్నగా గీసిన గడ్డం. ఎడమకి ఎప్పుడు తిప్పిందీ, కుడికి ఎప్పుడు తిప్పిందీ రెండేసి గంటలకోసారి రాసిపెట్టిన కాగితం గోడమీద. ఇంత శ్రద్ధ ఆమె ఆసుపత్రిలో కూడా చూడలేదు.

“తాతగారూ, ఆవిడ మీకేమవుతారు?”

తాత పకపకా నవ్వాడు. “ఇంకా అదే ప్రశ్నా? పన్నెండేళ్ళ కిందట నన్నూ అడిగారమ్మా, మీ ఆఫీసులోనే.”

“మిమ్మల్నా? ఎందుకు?”

“నేనూ, ఇంకొకామె కలిసి ముప్ఫై ఏళ్ళు ఒకే బల్ల మీద ఇస్త్రీ చేశాం. పెళ్ళాం కాదు, చెల్లెలు కాదు. ఆమెకి పక్షవాతం వస్తే నేను చూసుకుంటాను, సాయం చెయ్యండి అన్నాను. ఏమవుతావన్నారు. ఏం చెప్పను? ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఆఫీసరు వచ్చి చూసిందీ లేదు, ఆమెని అడిగిందీ లేదు. సంతకం పెట్టేస్తే ఆమెని ఆశ్రమానికి పట్టుకుపోయారు.”

“తర్వాత?”

“చూద్దామని వెళ్తే అక్కడి కాగితంలోనూ అదే గడి. గేటు దాటనివ్వలేదు. తొమ్మిదో రోజున పోయింది. ఇంటికి తీసుకెళ్ళమని కనబడ్డవాళ్ళందర్నీ అడిగిందట.”

ఆఫీసరమ్మకి ఒళ్ళు మండిపోయింది. తన సంతకమున్న కాగితాన్ని గుప్పిట్లో ఉండలా నలిపేస్తున్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు.

“ఇంటికొచ్చి చూడకుండా, ఆమెనో మాట అడక్కుండా ఎలా సంతకం పెట్టారు? అసలు మనిషేనా ఆ ఆఫీసరు? ఎక్కడున్నారు ఇప్పుడు?”

బయట డ్రైవరు గొంతు పెంచాడు. పెద్దావిడ గొంతు దానికి రెట్టింపు లేచింది.

“రిటైరయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చింది,” అన్నాడు తాత. “ఏడాదిపాటు నేను తలుపు తియ్యలేదు. అయినా వస్తూనే ఉంది.”

తల కాస్త గుమ్మం వైపు తిప్పాడు.

“అదిగో, కుర్చీ వేసుకుని మీ బండికి అడ్డం కూర్చుంది.”