పొగను కాల్చే బిళ్ల

దయావతి ఇనుప పీచు పట్టుకుని నల్లబడ్డ బిళ్లను తోమబోతుంటే, ప్రహరీ అవతలి నుంచి ఎవరో “ఆగమ్మా” అన్నారు.

తలెత్తి చూస్తే ఆ ముసలాయనే.

రోజూ పొద్దున గోడ దగ్గర నిలబడి, ఆమె పొగగొట్టం వంక చూసి పోయే మనిషి.

చిట్కుల్‌లో ఫ్యాక్టరీ కూలీలకు వండిపెట్టే మెస్ దయావతిది. పొగ పడలేక గల్లీవాళ్లు మొత్తుకుంటే, చర్చివాళ్లు కొత్తరకం పొయ్యి పెట్టించారు. పొగ వెళ్లే దారిలో తేనెపట్టులా సన్నటి కన్నాలున్న బిళ్ల ఉంటుంది దానికి. బిగించినాయన హిందీలో గడగడా ఏదో చెప్పి బండెక్కి పోయాడు. ఆమెకు అర్థమైంది ముట్టించడం ఒక్కటే.

పొగ తగ్గకపోగా ఇంకా పెరిగింది. నెలాఖరులోగా ఆగకపోతే మెస్ ఖాళీ చెయ్యాల్సిందేనని ఓనరు జ్ఞానప్రకాశం చెప్పేశాడు. ఆయన చెవిలో ఊదింది ఈ ముసలాయనేనని దయావతికి గట్టి నమ్మకం.

“ఏంది పెద్దాయనా, ఇయ్యాల నాతోనే మాట్లాడుతున్నవ్? ఓనరుకు చెప్పుడు అయిపోయిందా?” అంది.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

“దాన్ని తోమకండమ్మా. పైన పూసిన మందు పోతుంది. అది పోతే ఇక ఉత్త పెంకే.”

“తోమకుంటే గిన్నె ఎట్ల తెల్లగైతది?”

“అది గిన్నె కాదు కదమ్మా.”

ఆమెకు నవ్వొచ్చింది. కోపం మీద ఉంది కాబట్టి మింగేసింది.

గేటు తీసుకుని లోపలికి వచ్చాడాయన. పేరు త్రినాథరావట. కాకినాడ వైపు నుంచి ఎప్పుడో ఇక్కడి ప్లాంటులో పనికొచ్చి, బాయిలర్ల దగ్గరే రిటైరయ్యాడట. కుర్చీ వేస్తే కూర్చోలేదు, పొయ్యి ముందే గొంతుక్కూర్చున్నాడు.

పొగంటే కాలకుండా మిగిలిన కట్టేనని, బిళ్ల బాగా వేడెక్కితే ఆ పొగ కన్నాల్లోంచి పోతూ అక్కడే కాలిపోతుందని విడమరిచి చెప్పాడు. అందుకే ముట్టించగానే, బిళ్లను తప్పించే పక్కదారి మూత మూయకూడదట. మంట బాగా అందుకునేదాకా పొగను తిన్నగా పైకి పోనిచ్చి, అప్పుడు మూసి బిళ్ల గుండా మళ్లించాలట.

దయావతి చేసేది సరిగ్గా తలకిందులు. గల్లీవాళ్ల భయానికి అగ్గిపుల్ల గీయకముందే మూసేసేది.

కట్టెల కుప్ప చూసి మాత్రం ఆయన నెత్తి కొట్టుకున్నాడు. అన్నీ కంపెనీలు పారేసిన ప్యాకింగ్ పెట్టెల చెక్కలే. రంగు, జిగురు, ప్లాస్టిక్ పట్టీలతో సహా.

“ఇవి దానికి విషం. ఎండిన తుమ్మకట్టె పెట్టండి. బూడిద పట్టినప్పుడు, చల్లారాక మెత్తటి కుంచెతో దులపండి. నీళ్లొద్దు, సబ్బొద్దు.”

“మరి గీ నలుపో?”

“మంచి మంట తగిలితే అదే కాలిపోతుంది.”

అంతే, వెళ్లిపోయాడు. దయావతికి అనుమానం పూర్తిగా పోలేదు కానీ, మెస్ పోవడం కంటే మాట వినడమే నయమనిపించింది.

చెప్పినట్టే చేసింది. రెండు మూడు పూటలకే, పొగగొట్టం మీద వేడిగాలి వణకడం తప్ప ఏమీ కనిపించలేదు. పక్కింటి ముత్యమ్మ తొంగిచూసి, ఇయ్యాల వంట బందా అక్కా అని అడిగింది కూడా.

దయావతి డబ్బా నిండా కోడికూర పెట్టుకుని గోడ దగ్గర నిలబడింది. ఆయన రాలేదు. మర్నాడూ రాలేదు.

జ్ఞానప్రకాశం దగ్గరికి నడిచింది.

“నీకు పొయ్యి చూపెట్టిన మర్నాడే ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు పోయిండ్రు గద,” అన్నాడాయన.

“అయ్యో. జెర ఫోన్ చెయ్యి అన్నా. నన్ను ఎల్లగొట్టమంటే అన్నడు గానీ, పొయ్యి మంచిగ చేసి పోయిండు. వచ్చి అన్నం తినమను.”

జ్ఞానప్రకాశం నంబరు నొక్కి, ఫోన్ ఆమె చేతికే ఇచ్చాడు.

“నిన్ను ఎల్లగొట్టమన్నది గల్లీ మొత్తం, ఆయనొక్కడు తప్ప. రూమ్ ఇంక ఎవరికీ ఇయ్యలే. మల్ల రమ్మని నువ్వే అడుగు.”

అవతల ఫోన్ మోగుతోంది.

“ఏ రూమ్?” అంది దయావతి.

“ఎనక వరుసల వాళ్లున్నది, నీ పొగ సక్కగ కిటికీలకు పోయేది. ఆయన భార్యకు ఆయాసం. పొయ్యి నీ చేతికి అలవాటయ్యేదాక మేమే జరుగుతం, మెస్ ఆమెను మాత్రం ఖాళీ చేయించకు అని చెప్పి పోయిండు.”