మొదటి మడత

“అబద్ధం సార్. వినోదే అడిగి గోదాముకు పోయింది,” అన్నాడు బట్టల షాపు యజమాని కరుణాకర్.

“నేనెందుకడుగుత సార్? మొగడు పోయిండని కిందికి తోలిండ్రు,” అంది వినోద.

కరీంనగర్‌లోని ఆ షాపు మూడో అంతస్తులో, పెండ్లి పట్టుచీరలు చూపించే తెల్ల పరుపు అంచున కూర్చుని, వినోద ఫిర్యాదు మీద వచ్చిన కార్మిక శాఖ అధికారి భానుప్రసాద్ రాసుకుంటున్నాడు. పనివాళ్లంతా గోడకానుకుని నిలబడ్డారు.

ఆ షాపులో ఒక రివాజు ఉంది. ఎవరు పెట్టారో తెలియదు గానీ తప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. పెండ్లికూతురి ముందు మొదటి చీర మడత విప్పేది ముత్తైదువే కావాలి. తొమ్మిదేళ్లు ఆ పని వినోద చేసింది. భర్త కర్మలు ముగించుకుని వచ్చిన రోజే ఆమెను కింద గోదాములో మూటలు సర్దమన్నారు. ఆమె చోట, తోటి పనివాళ్లలో ఒకతైన మంజులను నిలబెట్టారు. అది జరిగి నెల దాటింది.

కొన్నాళ్లుగా మంజులకు నిద్ర లేదు. పెండ్లిపిల్ల భుజం మీద చీర వేసి అద్దం చూపించినప్పుడల్లా తన వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే గోడే. వినోదకు ఎదురుపడాలంటే భయం. గోదాము మెట్లంటే ఇంకా భయం. పొద్దున కరుణాకర్ పిలిచి మరీ చెప్పాడు: “గసొంటి రివాజేం లేదను. లేకుంటె నువ్వు గూడ కిందికే.”

మిగతావాళ్లంతా తమకేమీ తెలియదని అప్పుడే చెప్పేశారు. వినోదకు మిగిలింది మంజుల ఒక్కతే.

“మీ షాపుల కైలాసం భార్య పోయి ఏడాదైందట గదా,” అన్నాడు భానుప్రసాద్. “పెండ్లికొడుకులకు పంచెలు ఆయనే చూపెడుతుండు. ఆయన్నెందుకు గోదాముకు పంపలే?”

“ఆయన మొగోడు సార్.”

“మొగమనిషికో తీరు, ఆడమనిషికో తీరు పనిస్తే చట్టం ఒప్పుకోదు.”

కరుణాకర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఒళ్లు మరిచి అసలు సంగతి కక్కేశాడు. “చట్టం మీది సార్, గిరాకి మాది. గామె చెయ్యి తగిలిన చీర కట్టుకొని పీటల మీద కూసున్న పిల్లకు కీడైతే ఎవరు జవాబు? జర గీ మంజులను చూడుండ్రి. ఎంతమంది పిల్లలకు మడత విప్పింది! ఒక్కలకన్న ఏమన్నైందా? ధర్మపురి సంది వచ్చి గీమెనే కావాలంటుండ్రు. పొద్దుగాల గూడ ఓ పిల్ల కాళ్లు మొక్కి పోయింది.”

నిజమే. ఆ పిల్ల వంగినప్పుడు మంజుల దెబ్బ తిన్నట్టు రెండడుగులు వెనక్కి వేసింది. ఆ పిల్ల నవ్వి, దగ్గరికొచ్చి మళ్లీ మొక్కింది.

భానుప్రసాద్ కలం ఆగకుండా నడుస్తోంది. అది చూసి కరుణాకర్ నాలుక కరుచుకున్నాడు. “కోపంల అన్న సార్, నా మాట రాయకుండ్రి. సాక్షిని అడుగుండ్రి. చెప్పు మంజులా, నీకేం ఫికర్ లేదు.”

వినోద మంజుల వైపు చూడనే లేదు. ఆశ వదులుకుని గోదాము మెట్ల వైపు తిరిగింది. నిజం చెప్తే మంజుల కూడా ఆ మెట్లు దిగాలి. ఇంతకాలం ఏ మాట పైకి రాకుండా పళ్ల బిగువున ఆపిందో ఆ మాట గొంతులోకి వచ్చేసింది.

“రివాజున్నది సార్. కీడే లేదు.”

“నీకెట్ల తెలుసమ్మా?” అన్నాడు భానుప్రసాద్.

“ఇంట్ల గూడ ఎవ్వలకు చెప్పలే సార్,” అంది మంజుల. “మా ఇంటాయన మస్కట్‌ల సచ్చిపోయి ఇయ్యాలటికి ఇరవై దినాలు.”